నడుము కొలతలో ఆరో వంతు

"ఏవండీ, ఇది ప్యాంటా, నిక్కరా?"

టైలరు షాపు గుమ్మంలో నిలబడి, కొత్త ప్యాంటు కింద బయటపడ్డ తన చీలమండలు చూపిస్తూ అడిగాడు లెక్కల మాస్టారు. వీధి చివర మేడ మీద తొమ్మిదో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెబుతాడు.

మిషను మీదున్న అమ్మాయి తలెత్తి చూసింది. నవ్వు తన్నుకొస్తుంటే పెదవి కొరుక్కుని ఆపుకుంది. సొరుగులోంచి ఓ చీటీ తీసింది.

"పొడవు ముప్ఫై ఆరు. ఈ రాత ఎవరిదండీ?"

"నాదే. మా ఇంట్లో టేపు సెంటీమీటర్లది. తొంభై ఆరొచ్చింది. దాన్ని అంగుళాల్లోకి మార్చి..." అతని పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. "ముప్ఫై ఎనిమిది రావాలి. తప్పు నాదే."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న పిన్ని సూది ఆపింది. షాపు ఆవిడది. ఆ అమ్మాయిని చిన్నప్పట్నుంచీ పెంచిందీ ఆవిడే.

"తప్పు నాదేనన్న లెక్కల మాస్టారిని ఇప్పుడే చూడ్డం. బాబూ, మా పిల్లకి లెక్కలు చెప్తావా?"

"పిన్నీ!"

"పిన్నీ లేదు, గిన్నీ లేదు. ఊరుకో."

ఆ అమ్మాయికి డ్రెస్ డిజైనింగ్ కోర్సులో చేరాలని ఆశ. అందుకు పదో తరగతి పాసవ్వాలి. అన్నీ పాసై, లెక్కలు మాత్రం రెండుసార్లు తప్పింది. కోర్సుకి వయసు దాటకుండా మిగిలింది ఈ ఒక్క ఏడాదే.

మర్నాటి నుంచి గిరాకీ ఉండని మధ్యాహ్నాల్లో పాఠాలు మొదలయ్యాయి.

"వృత్తం చుట్టుకొలత రెండు పై ఆర్."

"రెండు పైన, ఆరు కిందా? అంటే మూడో వంతా?"

"పైన కాదండీ, పై!"

"అదేగా నేనూ అంటున్నది!"

నాలుగు రోజులు ఆ పై దగ్గరే బండి కూరుకుపోయింది. అయిదో రోజు మాస్టారికి ఓపిక చచ్చింది.

"ఇది చిన్నపిల్లలకి కూడా వచ్చేస్తుందండీ!"

ఆమె పుస్తకం మూసేసింది. "అయితే వెళ్ళి చిన్నపిల్లలకే చెప్పుకోండి."

గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం అతనికేసి తిరగలేదు.

మూడు రోజులు అతని జాడ లేదు. నాలుగో రోజు చంకలో ఓ మూటతో వచ్చి బల్ల మీద విప్పాడు.

"మా అమ్మ మిషను మీద నేనే కుట్టాను. చొక్కా."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చేతులు రెండూ ఒకే వైపున్నాయి.

"మెడేదండీ?"

"మర్చిపోయాను."

పిన్ని కాజాలు పక్కన పడేసి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అతను నవ్వలేదు.

"రాని పని ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఏమనుకోకండి."

ఆమె చొక్కా మడిచి పక్కన పెట్టింది. తర్వాత కుర్చీ అతని వైపు జరిపింది.

"కూర్చోండి. గుండ్రంగా కత్తిరించడం ఎలాగో చెప్తాను. స్కర్ట్‌కైతే నడుము కొలతని ఆరుతో భాగిస్తాం. అంత టేపు పట్టుకుని చుట్టూ గీస్తాం."

"ఆరుతోనే ఎందుకు?"

"పిన్ని చెప్పింది."

"నాకు మా అత్త చెప్పింది," అంది పిన్ని.

మాస్టారు కుర్చీలోంచి లేచిపోయాడు. "ఆ టేపు పొడవే ఆర్! నడుము చుట్టుకొలత! రెండు పైలంటే ఆరు పాయింట్ రెండెనిమిది. మీరు రోజూ చేస్తున్న లెక్కే ఇది!"

ఆమె చాక్ పట్టుకుని బల్ల మీదే వేసింది. "నడుము ముప్ఫై అయితే టేపు అయిదు. మీ లెక్కన చుట్టూ... ముప్ఫై ఒకటి పాయింట్ నాలుగు." కనుబొమలు పైకి లేచాయి. "ఒక అంగుళం కుట్టులోకి పోతుంది. సరిపోయింది మాస్టారూ!"

"మరి ఆ పాయింట్ నాలుగు?"

"భోంచేశాక పనికొస్తుంది," అంది పిన్ని.

ఇక బండి ఆగలేదు. కుచ్చిళ్ళు చూపిస్తే భిన్నాలొచ్చాయి. కాలరు మడిస్తే కోణాలొచ్చాయి. పెదవుల మధ్య గుండుసూదులున్నప్పుడు అతను ప్రశ్న అడిగితే, ఆమె వేళ్ళతోనే జవాబు చెప్పేది. ఆ వేళ్ళు చూస్తూ అతను తర్వాతి ప్రశ్న మర్చిపోయేవాడు.

ఓ సాయంత్రం వాన. ఒక్క గొడుగు కింద ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు.

"ఎనిమిది కమ్మీలు. ఒక్కో ముక్కకి నలభై అయిదు డిగ్రీలు," అందామె పైకి చూసి. "సగం నాకిస్తే నూట ఎనభై. మీరేంటి, పూర్తిగా తడిసిపోతున్నారు?"

"మూడొందల అరవై మీకే ఇచ్చేశానండీ."

బస్సొచ్చేదాకా ఆమె మళ్ళీ తల తిప్పలేదు. కానీ అతని చొక్కా చెయ్యి పట్టి గొడుగు కిందికి లాగింది.

పరీక్షలయ్యాయి. ఫలితాలొచ్చిన రోజు మాస్టారు ట్యూషన్‌లో ఉండగా ఆమె మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చింది. మెళ్ళో టేపు అలాగే ఉంది.

"డెబ్బై ఒకటి!"

మాస్టారు ఎగిరి గంతేశాడు. మరుక్షణం మొహం వాడిపోయింది.

"అయితే పాఠాలు అయిపోయినట్టేగా. మధ్యాహ్నాలు మీరు లేకుండా నేనేం చెయ్యాలి?"

అనేశాక గానీ పిల్లలున్నారని గుర్తురాలేదు. అందరూ పుస్తకాలు వదిలేసి ఇటే చూస్తున్నారు.

ఆమె టేపు కొసని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "వచ్చే నెల నుంచి నాకు కోర్సు. ఆదివారాలే ఖాళీ. ఈ ఆదివారం రండి."

"ఏ పాఠానికి?"

"పాఠం లేదు మాస్టారూ. ఊరికే."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మీ అమ్మగారినీ తీసుకురమ్మంది పిన్ని. పెద్దవాళ్ళు మాట్లాడుకోవాలట." ఆ మాటతో బుగ్గలు ఎర్రబడి, రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయింది.

మాస్టారు బోర్డు వైపు తిరిగాడు. చేతిలో సుద్దముక్క ఎప్పుడు విరిగిందో తెలీదు. గొంతు సవరించుకున్నాడు.

"ఊఁ... ఎక్కడిదాకా వచ్చాం?"

క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ఆదివారం దాకా సార్!"