మూడో ఇంజను

పాత వ్యానుకి ఇంజను వెతకడం పెళ్ళిసంబంధాలు చూడటం కన్నా కష్టమని ఆ వానాకాలంలో నాకు తెలిసొచ్చింది. మొదటిది ఇంటికి తెచ్చి మడ్డి కడిగితే పక్కన సన్నటి పగులు కనపడింది. రెండోది మా వ్యానులో పట్టనే పట్టలేదు. పాతసామాన్ల షెడ్ల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, తల ప్రాణం తోకకొచ్చింది.

వ్యాను మా చెల్లి కోసం. తను చక్రాల కుర్చీలో ఉంటుంది. మా వీధి బాగా ఏటవాలు, టాక్సీవాళ్ళేమో కుర్చీని చూడగానే ఆపకుండా పోతారు. ఎలాగో కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం తెచ్చుకుంది. సోమవారం చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు వాళ్ళు. నాది వెల్డింగు పని కాబట్టి వెనక ర్యాంపు నేనే బిగించాను. కుర్చీ కదలకుండా కొక్కేలు పెట్టి, తనకో బెల్టు కూడా కుట్టించాను. ఇంజను తప్ప అన్నీ ఉన్నాయి. "నీ వ్యాను బాగుందన్నయ్యా, బట్టలారేసుకోవచ్చు," అనేది చెల్లి. నవ్వుతూనే అనేది గానీ, ఈమధ్య ఆ నవ్వు తగ్గింది.

మూడో ఇంజను గురువారం దొరికింది. ఇంటి పక్క షెడ్డులో, వ్యాను ముందు, పాత టైరు మీద దించి, చెవుల మేస్త్రిని పిలిపించాను. ఆయనకా పేరు ఊరికే రాలేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేస్తాడు.

మధ్యాహ్నమే అయినా ముసురు పట్టి షెడ్డంతా చీకటిగా ఉంది. రేకుల మీద సన్నగా వాన. డీజిలు వాసన, తడిసిన తుప్పు వాసన. బ్యాటరీ తగిలించగానే ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. ఇన్నాళ్ళ విసుగంతా దిగిపోయి నాకు ఏడుపొచ్చినంత పనైంది. మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు, తలాడించాడు, ఇక ఆపమని చెయ్యి ఊపాడు.

ఇంజను ఆగింది. ఆయన మాత్రం చెవి తియ్యలేదు.

రేకు అంచు నుంచి బొట్లు పడుతున్నాయి... ఒకటి... ఇంకొకటి... ఆయన మొహం మెల్లగా పాలిపోయింది.

"ఇది తిరిగిచ్చెయ్ బాబూ," అన్నాడు గొంతు తగ్గించి.

ఏమైందంటే చెప్పడు. పిస్టన్లా అంటే కాదు, బేరింగులా అంటే కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దవాడని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన గొడుగు కూడా మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయాడు. ఇంకొకరిని ముట్టుకోనివ్వని ఆ స్క్రూడ్రైవర్‌ని ఇంజను మీదే వదిలేశాడు.

ఆ కోపంలోనే దాన్ని చెవికి పెట్టుకున్నాను.

ఏమీ లేదు. చల్లారుతున్న ఇనుము టిక్కుటిక్కుమంటోంది. దాని వెనక... ఎవరిదో ఊపిరి. ఆ తర్వాత, ఎక్కడో అడుగు నుంచి, భయంతో వణికిపోతూ మా చెల్లి గొంతు.

"అన్నయ్యా... బెల్టు ఊడట్లేదు..."

స్క్రూడ్రైవర్ అక్కడే పడేసి ఇంట్లోకి పరిగెత్తాను. చెల్లి కిటికీ దగ్గర కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. ఇంజను చప్పుడు విన్నానని, ఇక సోమవారం వెళ్ళిపోవచ్చని సంబరంగా చెప్పింది. నేను తలదించుకుని, అది పనికిరాదన్నాను. దువ్వెన మంచం మీదికి విసిరేసి గోడవైపు తిరిగింది.

"నేను బయటికెళ్ళడం నీకిష్టం లేదేమో. అదైనా చెప్పెయ్."

విన్నది చెప్పకుండానే బయటికొచ్చేశాను. చెప్పినా నమ్మేది కాదు.

శుక్రవారం పొద్దున్నే ఇంజను వెనక్కి పట్టుకెళ్ళాను. పోట్లాటకి సిద్ధపడి వెళితే, అమ్మినవాడు ఎందుకని ఒక్క మాట కూడా అడక్కుండా తీసేసుకున్నాడు. అదీ చిరాగ్గానే అనిపించింది. వస్తూ వస్తూ మేస్త్రి ఇంటి ముందు ఆగి స్క్రూడ్రైవర్ ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు.

"నువ్వూ విన్నావా?" అన్నాడు.

"మా చెల్లి గొంతు."

ఆయన నా చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూశాడు. "నాకు వినపడింది నీ గొంతు," అన్నాడు చివరికి. "వచ్చేశా, వచ్చేశా అంటున్నావు. అదే మాట... ఆపకుండా."

ఇంటికొచ్చేసరికి షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. వ్యాను ర్యాంపు కిందికి దించి ఉంది. లోపల కొక్కేల మధ్య, కుర్చీలో, మా చెల్లి. నా మీద కోపంతో ఒక్కతే ఎక్కి కూర్చుంది.

"అన్నయ్యా, బెల్టు ఊడట్లేదు," అంది విసుగ్గా.

ర్యాంపు ముందే ఆగిపోయాను. మరుక్షణం నవ్వొచ్చింది. ఇంతేనా? పట్టపగలు, చెల్లి ఎదురుగానే ఉంది, కొత్త బెల్టు బిగుసుకుంది, అంతే. పైగా ఆ గొంతులో భయం లేదు, ఉన్నదల్లా నా మీద చిరాకే. ఊపిరి పీల్చుకుని ర్యాంపు ఎక్కాను.

"వచ్చేశా," అన్నాను. "వచ్చేశా..."

ఆ మాట నా చెవినే పడి నవ్వు ఆగిపోయింది.

బకిల్ నొక్కాను. రాలేదు. గట్టిగా నొక్కాను. రాలేదు. ఎక్కడి నుంచో కాలిన డీజిలు వాసన...

"ఇంజను పెట్టేశావా? నాతో చెప్పనే లేదు!" చెల్లి మొహం వెలిగిపోయింది. "ఇందాకట్నుంచీ కుర్చీ అదురుతోంది."

మా వ్యానుకి ఇంజను ఉండేది ముందు సీటు కింద. ముందుకు వంగి సీటు ఎత్తి చూశాను. ఖాళీ. అందులోంచి షెడ్డు నేల కనపడుతోంది. సీటు కింది రేకు మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

"అన్నయ్యా..." అంది చెల్లి నా వెనక నుంచి.

ఈసారి గొంతులో విసుగు లేదు.