వెనక సీట్లో బటన్లు

గుడివాడ బస్టాండు దాటాక కాలవ గట్టు మీద మా షెడ్డు. నాన్న పోయాక నేనే నడుపుతున్నాను. కార్లలో కరెంటు పని మాత్రమే చేస్తాను, ఇంజను జోలికి వెళ్ళను. హారిక వైరింగ్ ఏం చేస్తుందిలే అని మొదట్లో నవ్విన పెద్దమనుషులు ఇప్పుడు బండి నా దగ్గర పెట్టి హాయిగా టీకి వెళ్తారు. పాత కార్లంటే నాకు సరదా. కొత్త బండ్లలో ఏం పాడైనా ఒక పెట్టె తీసి ఇంకో పెట్టె పెట్టడమే. పాతవాటిలో ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో మనమే వేలు పెట్టి వెతుక్కోవాలి.

కిందటి ఏడాది వానలు వెనకబట్టాక పిచ్చేశ్వరరావు గారని, కోడూరు దగ్గర రొయ్యల చెరువుల ఆయన, ఒక కారు లారీ మీద తెచ్చి దింపించారు. వాళ్ళ తాతగారిదట. తెల్లదొరల కాలంలో ఓడ మీద వచ్చిందట. ఏళ్ళ తరబడి రైసుమిల్లు గోడౌన్లో పడి ఉంది. కూతురి పెళ్ళి ఊరేగింపుకి దాన్ని బయటికి తీయాలని ఆయన ముచ్చట. ఇంజను బందరులో బాగుచేయించారు. కరెంటు పని నాకు వచ్చింది.

పొడుగాటి నల్ల కారు. డ్రైవరు సీటుకీ వెనక సీటుకీ మధ్య మందపాటి అద్దం గోడ. వెనక చెయ్యి ఆనించుకునే చోట తెల్లటి బటన్లు వరసగా ఉన్నాయి. ముందు స్టీరింగు పక్కన ఒక ఇత్తడి పెట్టె, దానికి చిన్న చిన్న గాజు కిటికీలు. ఒక్కో కిటికీ మీద ఇంగ్లీషులో ఒక్కో మాట. లెఫ్ట్, రైట్, స్లో, స్టాప్, హోమ్. వెనక కూర్చున్నాయన బటన్ నొక్కితే ముందు ఆ మాట వెనక దీపం వెలుగుతుంది. డ్రైవరుతో నోరు విప్పి మాట్లాడటం నామోషీ అనుకునే రోజులు కాబోలు. ఇలాంటిది ఉంటుందని నాన్న చెప్పగా విన్నానే గాని కళ్ళతో చూడటం అదే మొదలు.

"అవి వదిలెయ్యమ్మా. హెడ్‌లైట్లూ హారనూ పనిచేస్తే చాలు," అన్నారు పిచ్చేశ్వరరావు గారు.

వదిలెయ్యడం నాకు చేతకాదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. గుడ్డ చుట్టిన పాత తీగలు లాగుతుంటే గొట్టంలోంచి సన్నటి ఇసుక జారి నా ఒళ్ళో పడింది. ఇసుకలో గోరంత గుల్లలు. ఫోను చేసి అడిగితే, "మా వైపు అన్నిట్లోనూ ఉంటాయిలేమ్మా గుల్లలు," అని పెట్టేశారు. కొత్త తీగలు వేశాను. బటన్లన్నీ పలికాయి. పని వచ్చినవాళ్ళెవరైనా అదే చేస్తారు.

కారు కోడూరు చేర్చడానికి మా బావని రమ్మన్నాను. బావ వెంకట్ పెళ్ళికార్ల డ్రైవరు. పాత బండ్లు అతని చేతిలో మచ్చికైన ఆవుల్లా నడుస్తాయి. మా అక్క ఝాన్సీలక్ష్మికి అప్పుడు నెలలు నిండి ఉన్నాయి. గుమ్మంలో నడుము పట్టుకుని నిలబడి, "బండి అక్కడ పడేసి వెంటనే బస్సెక్కండి. నొప్పులొస్తే నన్ను తీసుకెళ్ళేది ఈయనేనే. మీ బావని నాకు తెచ్చి అప్పజెప్పు," అంది.

"నీ సొత్తు నాకెందుకే, తెచ్చిస్తాలే," అన్నాను.

పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర కృష్ణ దాటాం. అప్పటిదాకా నేను బావ పక్కనే కూర్చున్నాను. అవనిగడ్డ దాటేసరికి పొద్దు వాలింది, రోడ్డు ఖాళీ అయింది. బటన్లు నడిచే బండిలో ఎలా పనిచేస్తున్నాయో ఒక్కసారి చూడాలనిపించింది. వెనక్కి మారాను. పరీక్ష చేసేటప్పుడు మా షెడ్డులో ఎప్పుడూ ఒకటే పద్ధతి. ముందున్న మనిషి వెనకవాళ్ళని ఏమీ అడగకూడదు. ఏ దీపం వెలిగితే ఆ పని చెయ్యాలి. బావకి ఆ పద్ధతి తెలుసు. పైగా పెళ్ళికార్లు తోలేవాడు వెనక సీటు వైపు తల తిప్పడు. కొత్త దంపతుల్ని చూడకూడదు కదా.

"ఇవాళ్టికి జమీందారిణివి నువ్వే," అని, నేను వెనక ఎక్కేముందే తన ఫోను నా చేతిలో పెట్టాడు. బండి తోలేటప్పుడు ఫోను ముట్టడు.

స్లో నొక్కాను. ముందు పసుపు దీపం వెలిగింది. బండి నెమ్మదించింది. రైట్ నొక్కాను, బావ రోడ్డు కుడివైపుకి జరిగాడు. భలే నవ్వొచ్చింది. బావ తిరక్కుండానే చెయ్యెత్తి సలాం కొట్టాడు.

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ముందు లెఫ్ట్ వెలిగింది.

తీగలు ఎక్కడో ఆనుకున్నాయనుకున్నాను. బావ ఎడమకి తిప్పాడు. కోడూరు రోడ్డు వదిలి చెరువు గట్ల మధ్య మట్టి రోడ్డులోకి దిగింది బండి. రెండు వైపులా రొయ్యల చెరువులు. దూరంగా నీళ్ళలో తిరిగే చక్రాల చప్పుడు. బురద వాసన. నేను స్టాప్ నొక్కాను. గట్టిగా నొక్కాను. దీపం వెలిగింది.

హోమ్.

స్టాప్ బటన్ మీదే నా వేలు ఉంది. అద్దంలోంచి ఆ దీపం నాకు తేటగా కనపడుతోంది. హోమ్. అద్దం మీద పిడికిలితో కొట్టాను. బావ మళ్ళీ చెయ్యెత్తి సలాం కొట్టాడు. ఇంకా ఆట ఆడుతున్నాననుకుంటున్నాడు.

చేతిలో ఫోను మోగింది. అక్క.

"ఎక్కడున్నారే? నాకెందుకో భయంగా ఉంది. బావకియ్యి."

"అక్కా... బావ..." అనేలోపు లైను పోయింది.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన ఉన్ని బట్ట వాసన. దాని వెనక ఉప్పు. నా పక్కన సీటు తోలు మెల్లగా కిందికి కుంగింది... ఎవరో కూర్చున్నట్టు. నేను అటు చూడలేదు. చూడలేకపోయాను. బటన్ల వైపే చూస్తున్నాను.

హోమ్ బటన్ దానంతటదే లోపలికి దిగింది. పైకి వచ్చింది. మళ్ళీ దిగింది.

బటన్ల పలక పట్టుకుని ఊడబెరికాను. తీగలన్నీ నా చేతిలోకి వచ్చాయి, నేను వేసిన కొత్త తీగలు, తెగి వేలాడుతూ. ముందు దీపం ఆరలేదు. తలుపు పిడి లాగాను, కదల్లేదు. గొంతు చించుకుని అరిచాను. అద్దం అవతల బావకి ఏమీ వినపడలేదు. పైనున్న చిన్న అద్దంలో అతని కళ్ళు కనపడ్డాయి. ఆట పట్టించే కళ్ళు కావు. భయం కూడా లేదు వాటిలో. అవి నన్ను చూడటం లేదు. నా పక్కన చూస్తున్నాయి, చెప్పండి అయ్యగారూ అన్నట్టు.

గట్టు అయిపోయింది. మడ చెట్లు మొదలయ్యాయి. ఎదురుగా కృష్ణ పాయ. దాని అవతల ఇల్లు లేదు, ఊరు లేదు. చీకటి, సముద్రం హోరు.

స్టాప్ వెలిగింది. బండి ఆగింది. నా వైపు తలుపు తెరుచుకుంది.

దూకాను. పారిపోవడానికి కాదు, బావని లాగడానికి. నా కాలు నేల తాకగానే వెనక తలుపు మూసుకుంది. ముందు తలుపు పట్టుకుని గుంజాను. కిటికీ అద్దం సగం దించి ఉంది. లోపలికి చెయ్యి పెట్టి చొక్కా పట్టుకున్నాను.

"బావా, దిగు. నీకు దణ్ణం పెడతా, దిగు. అక్క ఒక్కతే ఉంది."

బావ నా వైపు తిరిగాడు. ఎంతో మామూలుగా, గుసగుసగా అన్నాడు.

"పెద్దాయన్ని ఇంటి దగ్గర దించి వచ్చేస్తా హారికా. అక్కని అన్నం తినెయ్యమను."

చొక్కా నా చేతిలోంచి జారింది. బండి నెమ్మదిగా, పెళ్ళి ఊరేగింపు నడకన, నీళ్ళలోకి వెళ్ళింది. నడుం లోతు దాకా వెనకే వెళ్ళాను. నాకు ఈత రాదు. హెడ్‌లైట్లు నీళ్ళ కింద చాలాసేపు వెలిగాయి...

పాలకాయతిప్ప నుంచి వలలవాళ్ళు నా అరుపులు విని వచ్చారు. తెల్లారాక కారు లాగారు. తలుపులన్నీ మూసే ఉన్నాయి. డ్రైవరు సీటు ఖాళీ. పడవలతో పాయ అంతా గాలించారు. బావ దొరకలేదు.

పిచ్చేశ్వరరావు గారు గట్టు మీద నిలబడి నా మొహం చూడలేకపోయారు. అప్పుడు చెప్పారు, ముందే చెప్పాల్సింది. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చిన రోజు తాతగారు అవనిగడ్డలో ఉన్నారట. గాలి లేచాక ఇంటికి పోవాల్సిందేనని పట్టుబట్టి ఇదే కార్లో బయల్దేరారట. ఆయన శవం వెనక సీట్లో దొరికింది.

"మరి డ్రైవరు?" అన్నాను.

"వీరాంజనేయులని మా పల్లెవాడే. దొరకలేదమ్మా."

బండి మునిగిన రాత్రే అక్కకి పురిటి నొప్పులు వచ్చాయని, పక్కింటివాళ్ళు ఆటోలో తీసుకెళ్ళారని నాకు తర్వాత తెలిసింది. మగపిల్లాడు. అప్పజెప్పమన్న మనిషిని అప్పజెప్పలేక ఆ మంచం దగ్గర నిలబడ్డాను. ఆ బాధ ఎలాంటిదో నాకు చెప్పడం రాదు. అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. బొట్టు తియ్యమని అత్తవారి వైపు వాళ్ళు వచ్చి కూర్చున్నారు. శవం దొరక్కుండా తియ్యనని చెప్పింది. దివిసీమలో ఉప్పెన తరవాత చాలామంది ఆడవాళ్ళు అలాగే బొట్టుతోనే ముసలివాళ్ళయ్యారని మా పక్కింటావిడ అంది.

అక్కకి పురుటి స్నానం అయ్యాక ఒక మధ్యాహ్నం కొండమ్మ అనే ముసలావిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కోడూరు అవతల పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. వీరాంజనేయులు భార్య. నుదురు బోసిగా ఉంది. మజ్జిగ ఇస్తే తాగి, అక్క ఎదురుగా చాప మీద కూర్చుంది.

"మీ ఆయన పోయిన రాత్రి, తెల్లారగట్ల మా తలుపు తట్టారమ్మా," అంది. "తీసి చూస్తే మా ఆయన. ఉప్పెనలో పోయినప్పటి వయసే. ఖాకీ కోటు ఒళ్ళంతా కారిపోతా ఉంది. డ్యూటీ దిగానే, అన్నం పెట్టు అన్నాడు. పెట్టాను. తిని, చాప మీద పడుకున్నాడు. పొద్దెక్కాక చూస్తే చాప నిండా ఉప్పునీళ్ళు. కోటు ఒక్కటే ఉంది. ఆ కోటు తగలబెట్టి, అప్పుడు తీశానమ్మా బొట్టు."

అక్క చెయ్యి నుదుటి బొట్టు మీదికి వెళ్ళింది.

"నువ్వు తియ్యకు," అంది కొండమ్మ గొంతు తగ్గించి. "మా ఆయన దిగాడుగా. ఇంకోడు ఎక్కితే మీ ఆయనా దిగుతాడు."

ఆవిడని బస్సెక్కించి వచ్చేసరికి అక్క పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో ఉంది.

"ఆ కారు ఇప్పుడెక్కడుందే?"

"కోడూరులో. వాళ్ళ గోడౌన్లోనే."

"తీగలన్నీ నువ్వే తెంపావన్నావుగా," అంది. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "మళ్ళీ వెయ్యగలవా?"

అక్క పిల్లాణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకుని, నా జవాబు కోసం అక్కడే నిలబడింది.