గాలిపెద్ద చదివిన పేరు

2074 నాటికి కళింగపట్నానికి ఉత్తరాన ఉన్న ఆ తీరంలో గాలి కోసం ఆకాశం వంక చూసేవాళ్లు లేరు. ఉదయం ఆరింటికి గాలిపెద్ద అనే యంత్రం మాట్లాడుతుంది. కేంద్రం ముంగిట్లో రౌతులు టీ గ్లాసులు పట్టుకుని వింటారు.

"పద్మజ, దీపస్తంభం రేవు. ఇమ్రాన్, ఇసుకతిప్ప. మైలపల్లి దానేసు, ఇసుకతిప్ప. సుభాషిణి, చిన్నగెడ్డ."

చివరి పేరు దగ్గర గ్లాసులు ఒక్క క్షణం ఆగుతాయి. నాలుగు రోజుల జ్వరంతో సుభాషిణి పోయి పది నెలలైంది. ఆ పేరును జాబితాలోంచి తీయవలసినవాడు ఆమె భర్త, గాలిపెద్దను తయారుచేసిన డాక్టర్ వేదగిరి. ఆయన తీయలేదు. తీయమని ఎవరూ అడగలేదు.

కైట్ సర్ఫింగ్‌ను ఆ తీరంలో పటంస్వారీ అంటారు, చేసేవాళ్లను రౌతులంటారు. కాళ్ల కింద పలక, నడుముకు తాళ్లు, తాళ్ల చివర పడవంత గాలిపటం. గాలి చాలకపోతే పటం నీళ్లలో కూలుతుంది. గాలి ఒడ్డువైపు విసిరితే మనిషి రాళ్ల మీద పడతాడు. అందువల్ల ఏ పూట ఏ రేవుకు వెళ్లాలన్నది ప్రాణాలతో ముడిపడిన పని. వేదగిరి తీరం పొడవునా పుప్పొడి కంటే సన్నని సెన్సార్లను గాలిలోకి వదిలాడు. వాటికి గాలిరేణువులని పేరు పెట్టాడు. గాలి వేగం, దిశ, అల ఎత్తు అవి కేంద్రానికి చేరవేస్తాయి.

అంతవరకు ఇతరులూ చేశారు. వేదగిరి చేసిన కొత్త పని మరొకటి ఉంది. ప్రతి రౌతు నడుము పట్టీలో నాడిని కొలిచే బిళ్ల పెట్టాడు. ఏ రేవులో ఎవరి గుండె ఎలా కొట్టుకుందో గాలిపెద్ద గుర్తుంచుకుంటుంది. క్రమంగా, మంచి గాలి ఉన్న చోటుకే కాక, ఆ మనిషికి బాగున్న చోటుకు పంపడం నేర్చుకుంది.

సుభాషిణి నలభై రెండో ఏట పటంస్వారీ నేర్చుకుంది. నేర్పినవాడు దానేసు. ఆ రోజుల్లో అన్నం ముందు కూర్చుంటే ఆమె నోట ఆ పేరే. దానేసు ఇలా అన్నాడు, దానేసు అలా తిప్పాడు. వేదగిరి పప్పు కలుపుకుంటూ వినేవాడు. ఆయన ఎప్పుడూ నీళ్లలో దిగలేదు. రమ్మని ఆమె చాలాసార్లు పిలిచింది. పని ఉందనేవాడు.

ఆమె పోయాక, చట్టం ఇచ్చిన హక్కుతో ఆయన ఆమె స్వారీల చిట్టా తెరిచాడు. చివరి ఏడాదిన్నరలో నలభై ఒక్క రోజులు చిన్నగెడ్డ. అక్కడ సరుగుడు తోట గాలిని విరగ్గొడుతుంది. తెలిసిన రౌతెవరూ కోరి వెళ్లరు. గాలిపెద్ద పంపినా, మంచి గాలి లేని చోటుకు మనిషి నలభై ఒక్కసార్లు ఎందుకు వెళుతుంది? ఎవరి కోసమో వెళుతుంది. ఇతరుల చిట్టా తెరవడానికి చట్టం ఒప్పుకోదు. కాని ఆ ఎవరో ఎవరన్నది ఆయనకు అనుమానం లేదు. పది నెలలుగా ఆయన దుఃఖం ఈ లెక్క దగ్గరకు వచ్చి ఆగిపోతోంది.

ఆ ఉదయం జాబితా ముగిశాక దానేసు మేడెక్కి ఆయన గదిలోకి వచ్చాడు. ముఖం తుడుచుకున్నాడు.

"ఏటి సారూ, గాలి మీద బతుకుతా కిటికీ తియ్యరా? ఉడికిపోతన్నారు."

"బయటి గాలి తగిలితే కొలతలు చెడతాయి. ఏం కావాలి?"

దానేసు నిలబడే మాట్లాడాడు. "ఒక మాట అడుగుదామని ఎన్నాళ్లనుంచో అనుకుంతన్నాను. మేడమ్ గోరికి నామీద కోపమొచ్చిందా సారూ?"

"ఎందుకు?"

"ఆకరి ఏడాదిన్నర ఆవిడా నానూ ఒక్క రేవులో కలవనేదు. ఒక్కపాలైనా! నానెక్కడికెళ్తే అక్కడ ఆవిడ నేదు. నేర్పినోడిని కదా, నావల్ల తప్పేటి జరిగిందో అని... మీతో ఏటైనా అన్నాదా?"

"ఏమీ అనలేదు," అన్నాడు వేదగిరి.

"అలగయితే సరే," అని దానేసు వెళ్లిపోయాడు. అతని అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగేదాకా వేదగిరి కదల్లేదు. తర్వాత గాలిపెద్దను అడిగాడు.

"సుభాషిణిని, దానేసును వేరువేరు రేవులకు ఎందుకు పంపావు?"

"మీ నిబంధన," అంది గాలిపెద్ద. "రెండేళ్ల నాలుగు నెలల కిందట, మధ్యాహ్నం మూడుంపావుకు రాశారు. ఈ ఇద్దరినీ ఒకే రేవుకు పంపకు."

ఆయనకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. తెర మీద వాళ్లిద్దరి చుక్కలు మూడు గంటలసేపు పక్కపక్కనే తిరిగాయి. ఒళ్లు మండి ఆ నిబంధన రాశాడు. మరునాడు సిగ్గుపడి తీసేశాడు. తీసేసినట్టే ఇన్నాళ్లూ గుర్తు; తీయనేలేదు.

"మంచి గాలి ఒక్క రేవులోనే ఉన్న రోజు అది దానేసు వాటాకు వెళ్లేది," అంది గాలిపెద్ద. "ఆమెకు చిన్నగెడ్డ మిగిలేది. మళ్లీ మళ్లీ ఇక్కడికే ఎందుకని ఆమె ఒకసారి అడిగారు. నిబంధన చదివి వినిపించాను."

"ఏమంది?"

"చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వలేదు. మీకు చెప్పనా అన్నాను. 'వద్దు. ఆయన రాసింది ఆయనే కొట్టెయ్యాలి' అన్నారు."

వేదగిరి ఆ నిబంధనను కొట్టేశాడు. ఒక్క నిమిషం పని.

"రేపటి జాబితా కొత్త లెక్కతో వస్తుంది. సుభాషిణి గారి పేరు ఉంచమంటారా?"

ఆ ప్రశ్నకు అర్థం ఆయనకు తెలుసు. ఇప్పుడా అడ్డు లేదు గనక, ఆమె నిజంగా ఎక్కడికి వెళ్లి ఉండేదో రేపు ఉదయం తెలుస్తుంది. తప్పు తనదని తెలిసిన గంటలోనే ఆయనకు అది తెలుసుకోవాలనిపించింది.

"ఉంచు," అన్నాడు.

మరునాడు ఆరింటికి ఆయన కుర్చీ అంచున కూర్చుని విన్నాడు.

"పద్మజ, ఇసుకతిప్ప. ఇమ్రాన్, దీపస్తంభం రేవు. మైలపల్లి దానేసు, ఇసుకతిప్ప. సుభాషిణి, చిన్నగెడ్డ."

"అక్కడికి ఇంకెవరిని పంపావు?"

దానేసు రేవుకు కాదన్న సంతోషం కంటే ముందు ఆ మాటే ఆయన నోట వచ్చింది.

"ఎవరినీ పంపలేదు. అక్కడ గాలి మంచిది కాదు."

"మరి ఆమెనెందుకు?"

"ఆమె నాడి అన్నిటికంటే నిదానంగా ఉన్నది అక్కడే. కారణం రేణువులకు అందలేదు. స్వారీ కాసేపే చేసేవారు. తర్వాత పటం దించి, ఒడ్డువైపు తిరిగి, మోకాలి లోతు నీళ్లలో కూర్చునేవారు."

"ఒడ్డున ఏముంది?"

"సరుగుడు తోట. దాని పైన మీ కిటికీ."

వేదగిరి లేచాడు. కిటికీ గడియ పట్టుకుని లాగాడు. పదకొండేళ్లుగా ఎవరూ కదపని ఇనుము ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగాడు. అరచేయి చీరుకుంది గాని గడియ రాలేదు.

కింద ముంగిట్లో దానేసు పటం తాళ్లు సర్దుకుంటున్నాడు. వేదగిరి మెట్ల దాకా వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్నుంచే పిలిచాడు.

"దానేసూ, ఒకసారి పైకి రా. ఈ కిటికీ నా ఒక్కడి వల్ల కావడం లేదు."