ప్యాకప్ అయ్యాక నవ్వు

ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ వైపు దిగే దారిలో ఒక పాత బంగళా ఉంది. రాత్రి పూట ఆ ఇంట్లో పడుకోమంటే లైట్‌బాయ్‌లు కూడా దండం పెడతారు.

పగలు మాత్రం దానికి తీరికే ఉండదు. ఏ సినిమాలో గొప్పింటి హాలు కావాలన్నా అదే. గేటు మీద పేరు వారానికొకటి మారుతుంది— ఒకవారం జమీందారుది, మరోవారం మంత్రిది. అసలు యజమాని పేరు వాచ్‌మన్ జంగయ్యకే గబుక్కున గుర్తురాదు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా బండరాళ్ళూ సీతాఫలం పొదలేనట. అది వేరే కథ.

ఇది వీరరాఘవయ్య కథ. తెనాలి మనిషి. నాటకాల్లోంచి సినిమాల్లోకొచ్చి, పాతికేళ్ళు చిన్నాచితకా వేషాలు వేసి, ఇక చాలని ఇంటికెళ్ళిపోయాడు. డెబ్బై రెండేళ్ళు. రెండు నెలల కిందటే గుండెకి స్టెంటు వేశారు. అయినా ఫోన్ చేసి పిలిచారు— చచ్చిపోయిన తాతగారి వేషం, ఒక్కరోజు పని, మీలాగా ఊపిరి బిగబట్టేవాళ్ళు దొరకడం లేదండీ అని.

పొద్దుటి నుంచీ ఆ హాల్లో పాడె మీదే ఉన్నాడు. ముక్కుల్లో దూది, మెడలో దండలు. సాయంత్రం ఉన్నట్టుండి వాన దంచింది. జనరేటర్ ఆగిపోయింది. "ప్యాకప్!" అని ఒక కేక— అంతే, సామాన్లు ఎత్తుకుని అందరూ వ్యాన్లకేసి పరుగు. లేవండి సార్ అన్నవాడు లేడు. తన దూది తనే తీసుకుని, తన దండలు తనే తీసుకుని, లేచి కూర్చున్నాడు.

నవ్వు మాత్రం తియ్యలేదు…

తెలియనివాళ్ళకి చెప్పాలి. శవంగా పడుకున్న నటుణ్ణి, పనయ్యాక లేపి, కెమెరాకేసి నవ్వమని ఒక షాట్ తీస్తారు. ఆ నవ్వు సినిమాలో ఉండదు. చావు ఉత్తుత్తిదేనని చెప్పడానికి, అంతే. అది తియ్యకపోతే చావు ఒంటికి అంటుకుపోతుందని నమ్మకం. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా దీన్ని నమ్ముతారు.

భార్య సత్యలక్ష్మి సాయంత్రమే ఫోన్ చేసి, "నవ్వు తీశారా?" అంది. "ఆఁ" అనేశాడు. నిజం చెప్పి ఆవిణ్ణి సముదాయించే ఓపిక లేదు.

తెల్లారి రైలు. ఈ రాత్రికి ఇక్కడే పడుకోండి, పొద్దున్నే కారొస్తుందని మేనేజరు చెప్పి వెళ్ళాడు. జంగయ్య టీ తెచ్చాడు.

"నవ్వు తీసిండ్రా సార్?"

"లేదయ్యా."

జంగయ్య గొంతు తగ్గించాడు. "లక్ష్మయ్యది గూడ తియ్యలే…"

"ఎవరా లక్ష్మయ్య?"

"కృష్ణానగర్ల కిరాయికుంటుండె. మీ లెక్కనే చిన్న చిన్న వేషాలు. పన్నెండేండ్లాయె, గీ హాల్లనే పీనుగ లెక్క పండుకున్నడు. హీరోకు ఫ్లైట్ టైమైందని అందరు ఉరికిండ్రు. రూముకు పోయి పండుకున్నడు సార్. పొద్దుగాల లేవలే."

"అయితే?"

"రాత్రి గీడికొస్తడు. ఏం జెయ్యడు. గా మెట్లకాడి కుర్చీ జరుపుకొని కూసుంటడు. 'అయిందా సార్?' అని అడుగుతడు, గంతే. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి."

ఫికర్ చెయ్యొద్దన్న మనిషి తను మాత్రం గేటు పక్క గదిలో దూరి గడియ వేసుకున్నాడు.

వీరరాఘవయ్య హాల్లో సోఫా మీద ఒరిగాడు. మెట్ల దగ్గర ఒక్క బల్బు. వాన వెలిసింది. ఛాతీలో ఎడమవైపు ఏదో బరువు… దండల బరువింకా దిగలేదేమో. పోతే పోనీలే అనిపించింది. భయం వెయ్యలేదు. భయపడటానికి కూడా ఓపికుండాలి.

కర్ర్‌ర్…

కుర్చీ జరిగింది.

అతను కళ్ళు తెరవలేదు.

"అయిందా… సార్?"

బెదిరింపు లేదు ఆ గొంతులో. పొద్దుటి నుంచీ ఎండలో నిలబడి, అడిగితే కసురుతారేమోనని భయపడేవాడి గొంతు. పాతికేళ్ళు తనూ అలాగే అడిగాడు— ఎవరూ తల తిప్పి చూసేవాళ్ళు కాదు.

కళ్ళు తెరిచాడు. మెట్ల దగ్గరుండాల్సిన కుర్చీ సోఫా పక్కన ఉంది. ఖాళీగా.

ఫోన్ మోగింది. వీడియో కాల్— సత్యలక్ష్మి.

"నిద్రపోతున్నారా?"

"ఆఁ."

"నిద్రపోయేవాళ్ళు మొదటి రింగుకే ఎత్తరు. ఒట్టేసి చెప్పండి, నవ్వు తీశారా?"

వీరరాఘవయ్య లేచి కూర్చుని చొక్కా సర్దుకున్నాడు.

"నాకు తెలుసు! మీ 'ఆఁ' నాకు తెలీదూ? సరే, ఇప్పుడు నవ్వండి."

"ఇప్పుడు కెమెరా ఎక్కడిదే?"

"మీ చేతిలో ఉన్నదేంటి, అప్పడమా? నవ్వండి."

పెదాలు సాగదీశాడు.

"అది నవ్వా? పన్ను పీకించుకున్నట్టుంది. ఇంకోసారి."

"రావట్లేదే… అలిసిపోయాను."

"మీకు దణ్ణం పెడతానండీ. ఒక్కసారి."

మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు. ఛాతీలో బరువు పైకెక్కుతోంది.

సత్యలక్ష్మి ముక్కు చీది అంది— "మన పెళ్ళి బంతిలో మీ మీసం ఊడి మా బాబాయి పాయసంలో పడింది… గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు? రాత్రి నాటకమాడి, పొద్దున అదే అతుకుడు మీసంతో పీటల మీద కూర్చున్నాడు. బాబాయి దాన్ని చెంచాతో ఎత్తి, "ఇదేం జీడిపప్పురా?" అన్నాడు.

నవ్వొచ్చేసింది. ముందు పొట్టలో కదిలింది, తర్వాత భుజాల్లో, చివరికి కళ్ళల్లో నీళ్ళు. హాలంతా మారుమోగింది. తన నవ్వు ఆగాక కూడా ఆ మోత ఒక్క క్షణం సాగినట్టనిపించింది… పెద్ద హాలు కదా అనుకున్నాడు.

ఛాతీ తేలికైంది.

"అమ్మయ్య! ఇక పడుకోండి," అంది ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఉండండుండండి… కుర్చీలో ఆయనెవరు? పాపం ఆయనదీ తియ్యలేదా ఏంటి? మొహం సగమే కనబడుతోంది. కాస్త ఇటు జరిగి, ఇంకోసారి నవ్వమనండి."

వీరరాఘవయ్య తల తిప్పలేదు. ఫోన్ ఉన్న చెయ్యి మాత్రం మెల్లగా పక్కకి జరిపాడు.

"బాబూ… ఇంకోసారట."