సున్నా వచ్చిన హాలు

నూకరత్నం బొటనవేలు బల్ల మీది అద్దపు తెరకు ఆనింది. గాలిపటాల సంఘం హాల్లో దీపాలు ఆరిపోయాయి. మళ్లీ ఆనింది. పాత రేడియోల సంఘమూ చీకటైంది. మధ్యాహ్నానికి మొత్తం పద్నాలుగు.

ఈ ఏడాది కరెంటు తీసే అలల మరలు సగమే తిరిగాయి. విశ్వవిద్యాలయంలోని ఎనభై విద్యార్థి సంఘాలకూ కలిపి నూట యాభై వెలుగుల కరెంటు కొరత. ఎవరి దీపం ఉండాలో, ఎవరిది పోవాలో తేల్చేది తూనిక అనే మాట్లాడే యంత్రం. ప్రతి హాలు కప్పుకూ దాని చెవి ఒకటి వేలాడుతుంది. కేకలు, ఈలలు, చప్పట్లు విని మార్కు వేస్తుంది. సందడి ఉన్నచోటే ప్రాణం ఉందని దాని లెక్క. ఇరవైకి తగ్గితే మూతే. కాకపోతే ఆర్పడానికి మనిషి వేలిముద్ర పడాలి. ఆ వేలు నూకరత్నానిది.

పదిహేనోది వచ్చింది. సైగ నాటక సంఘం. మార్కు సున్నా.

వేలు గాల్లోనే ఆగింది. తాళం వేసిన గదికి కూడా పంకా చప్పుడుకి రెండు మార్కులొస్తాయి. సున్నా ఎలా వస్తుంది?

"ఏటమ్మా, నొక్కీకుండా ఆలోచనేటి?" పక్క బల్ల నుంచి సూరన్న అడిగాడు. "నాలుగింటికి జాబితా మూసేస్తాది."

"ఓపాలి చూసొస్తాను సూరన్నా."

"చూడ్డానికా! ఆరేళ్లలో ఈ ఆఫీసు నుంచి ఎవులైనా ఎళ్లారేటి? దారి తెలుసా అసలు?"

దారి తెలియదు. ఇద్దర్ని అడిగి, రెండు మేడలెక్కి, ఆ హాలు తలుపు తోసింది.

లోపల రెండొందల మంది ఉన్నారు. పంకాలు తిరగడం లేదు. అందరి చొక్కాలూ చెమటకు వీపులకు అంటుకుపోయాయి. వేదిక మీద ఒకమ్మాయి పడవ నడుపుతోంది. పడవ లేదు, తెడ్డు లేదు, ఉన్నవి రెండు చేతులే. ఆ చేతుల్లోనే అల లేచింది, పడవ ఒరిగింది, మునిగిపోతున్నవాడి వేళ్లు జారిపోయాయి. నూకరత్నం తనకు తెలియకుండానే స్తంభం పట్టుకుంది. ఆఖరి క్షణంలో ఆ వేళ్లు దొరికాయి.

ఒక్కసారిగా నాలుగొందల చేతులు పైకి లేచి గాల్లో రెపరెపలాడాయి. అదే వాళ్ల చప్పట్లు. నూకరత్నం స్తంభం వదిలింది. తలెత్తి చూసింది. కప్పుకు వేలాడే చెవి మీద ఎర్రటి సున్నా.

పడవ నడిపిన అమ్మాయి తస్లీమ్ దిగి వచ్చింది. చేతులు కదిపింది. మణికట్టు పట్టీ ఆ సైగలను గొంతుగా మార్చింది. "మూసేయడానికి వచ్చారా మేడమ్?"

"పంకాలు ఎందుకాపేశారు?"

"ఆ కరెంటు కూడా దీపాలకే మళ్లించాం. చీకట్లో మాకు మాటలుండవు."

నూకరత్నం పరుగున తిరిగొచ్చింది. మూడు నలభై అయిదు. ఆయాసంతోనే అడిగింది. "తూనికా, చెవి పని చెయ్యకపోతే మార్కు ఎవరేస్తారు?"

"మనిషి. హాలుకు వెళ్లి, చూసి వేయాలి."

"ఒక్కో చెవికి ఎంత కరెంటు?"

"రెండు వెలుగులు."

"ఎవరి వాటాలోంచి?"

"సంఘాల వాటాలోంచి."

ఎనభై చెవులు. నూట అరవై వెలుగులు! కొరత నూట యాభయ్యే. ఇన్నాళ్లూ పిల్లల దీపాలు ఆర్పి మరీ ఈ చెవుల్ని మేపుతున్నారన్నమాట.

"సంఘాల వాటాలో దేన్నైనా ఆర్పే హక్కు నా వేలికుంది కదా?"

"ఉంది."

"అయితే ఎనభై చెవులూ ఆర్పెయ్. మూసిన సంఘాలన్నీ తెరువు."

"నిర్ధారించండి," అంది తూనిక. అద్దం మీద ఎనభై పేర్లు బారుగా నిలిచాయి.

"ఒసే, ఉద్యోగం పోద్దే!" సూరన్న కుర్చీలోంచి లేచిపోయాడు.

ఆమె వేలు అప్పటికే ఆనింది.

మార్కులన్నీ చెరిగిపోయాయి. తర్వాత ఆఫీసులోని పన్నెండు బల్లల మీదా ఒకే వాక్యం వెలిగింది. "ఎనభై హాళ్లకు మార్కు లేదు. మనుషులు కావాలి. వెంటనే." కింద విశ్వవిద్యాలయం సిబ్బంది అందరిలో ఎవరెక్కడికి వెళ్లాలో పేర్లు. కుర్చీలు వెనక్కి జరిగాయి. సూరన్న గొణుక్కుంటూ బల్ల కింద చెప్పుల కోసం వెతికాడు.

డీన్ విశ్వేశ్వర్ ఫోన్ చేశారు. "ఏం జరుగుతోందమ్మా అక్కడ? అందరూ ఎక్కడికి పోతున్నారు?"

"హాళ్లు చూడ్డానికి సార్," అంది నూకరత్నం, జాబితాలో వేలు కిందికి జరుపుతూ. "మీ పేరు కుస్తీ సంఘానికి పడింది. పావుగంటే ఉంది. దారి చెప్పమంటారా?"