రెండు దెబ్బలంటే ఆగమని

కామ్‌రేజ్ హైవే పక్కనున్న గ్యారేజీల్లో ఒక అలవాటుంది. లారీ కిందికి దూరేవాడు తన చెప్పులను ముందు చక్రం పక్కన, డ్రైవరుకు కనబడేలా విడిచిపెడతాడు. అవి అక్కడున్నంతసేపు తాళంచెవి మీద ఎవరూ చెయ్యి వేయరు. కింద నుంచి పానాతో ఛాసిస్ మీద రెండు దెబ్బలు కొడితే ఆగమని. మూడు కొడితే నేను బయటపడ్డానని.

సోమలింగం జగిత్యాల దిక్కు నుంచి వచ్చి ఏళ్లుగా అక్కడే మెకానిక్‌గా ఉన్నాడు. ఆ ముసురు పట్టిన సాయంత్రం అతనికి త్వరగా ఇంటికి పోవాలని ఉంది. చిన్నబిడ్డ నిఖితకు జ్వరం. బాపు చెయ్యి మీద తల పెడితే తప్ప ఆ పిల్లకు నిద్ర రాదు. సరిగ్గా అప్పుడే తమ్ముడు చిరంజీవి, తాను కొత్తగా డ్రైవరుగా ఎక్కిన పాత లారీని తెచ్చి నిలబెట్టాడు. గుంత వచ్చినా రాకున్నా ఎడమ పక్క ముందు చక్రం దగ్గర టక్ టక్‌మంటోందట. ఎప్పుడూ రెండు దెబ్బలేనట. సోమలింగం నవ్వాడు. షాకబ్జార్బరును ఛాసిస్‌కు పట్టి ఉంచే చోట రబ్బరు బుష్ అరిగితే బోల్టు ఆడి అలాగే కొట్టుకుంటుందని, ఆ మాత్రం దానికి ముఖం వేలాడేసుకోనక్కర్లేదని తమ్ముణ్ణి ఆటపట్టించాడు. చిరంజీవి వానకు తడవకుండా క్యాబిన్‌లోనే కూర్చున్నాడు. సోమలింగం చెప్పులు విడిచి కిందికి దూరాడు.

కింద చీకటి. తడి గ్రీజు వాసన, దానితో కలిసి ఇంకేదో పచ్చి వాసన. టార్చి వెలుగులో షాకబ్జార్బరు పై బిగింపు చూశాడు. రబ్బరు పగల్లేదు. బోల్టు రంధ్రం సాగలేదు. ఇనుప గడ పెట్టి ఎత్తి చూస్తే వెంట్రుకవాసి కూడా ఆడలేదు. కింది బిగింపూ అంతే. ఏదీ అరగనప్పుడు చప్పుడెక్కడి నుంచి వస్తున్నట్టు? టార్చి కొంచెం జరిపాడు. బిగింపు పక్కన ఛాసిస్ మీద అరచెయ్యంత మేర రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. దాని నిండా చిన్న చిన్న నొక్కులు. వెల్లకిలా పడుకున్నవాడి చెయ్యి సరిగ్గా అందే చోటు అది. తన పానా మొనను ఒక నొక్కులో ఆనించాడు.

అచ్చంగా సరిపోయింది...

ఈ బండి కింద ఎవరో పడుకుని, ఆగమని కొట్టారు. ఇంకా కొడుతూనే ఉన్నారు.

అప్పుడే, చెవి పక్కన... టక్. టక్. టక్.

అతని పానా కదల్లేదు. పైన ఇంజను గుర్రుమంది. చక్రం కదిలింది.

సోమలింగం పానాతో రెండు దెబ్బలు కొట్టాడు. మళ్లీ రెండు. టైరు అతని చొక్కా అంచు మీదికి ఎక్కి ఆగింది.

చొక్కా చింపుకుని బయటికి పాకేసరికి చిరంజీవి దిగివచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మూడు కొట్టినవ్ గదా అన్నా," అన్నాడు. "చెప్పులు తొడుక్కొని ఇంటి దిక్కు పోతుంటే నేను చూసిన."

చక్రం పక్కన చెప్పులు లేవు.

ఇల్లు రోడ్డు వెనక గల్లీలోనే. సోమలింగం వానలో ఉత్తకాళ్లతో పరుగెత్తాడు. తమ్ముడు పిలుస్తున్నా వినలేదు. బిడ్డ తప్ప అతనికి ఇంకేదీ గుర్తు లేదు. కరెంటు పోయి గల్లీ అంతా నల్లగా ఉంది. గడప ముందు అతని చెప్పులు జంటగా విడిచి ఉన్నాయి. వాటి నిండా గ్రీజు.

భార్య లత తలుపు తీసి, చప్పుడు చేయొద్దని నోటి మీద వేలు పెట్టుకోబోయి ఆగిపోయింది. ఒకసారి అతణ్ణి, ఒకసారి లోపలి చీకటిని చూసింది.

"గిప్పుడే వచ్చి బిడ్డ పక్కన పండితివి గదా..." అంది గుసగుసగా. "మల్ల బయటికెప్పుడు పోయినవ్?"

లోపల మంచం మీద నిఖిత నిద్రమత్తులో గొణిగింది. "బాపూ... నీ చెయ్యి సల్లగున్నది."

సోమలింగం గడప దాటబోయాడు.

మంచం కోడు మీద ఇనుము తగిలిన చప్పుడు.

టక్... టక్.