నీడంత దారం

మనిషి నీడ మనిషంత పొడవయ్యే వేళ అది... మిట్టమధ్యాహ్నం దాటి, సాయంత్రం ఇంకా కాని వేళ! అర్ధరాత్రికి భయపడేవాళ్లు దీపం పెట్టుకుంటారు. ఈ వేళకి ఎవరూ భయపడరు. అందుకే క్షుద్రశక్తులు దీన్నే కోరుకుంటాయి.

ఆ పాత చర్చిలో పడమటి కిటికీ మండుతోంది. ఎర్రగాజు, నీలిగాజు ముక్కల్లోంచి దిగిన వెలుతురు బెంచీల మీదా, బాప్తిస్మపు రాతి తొట్టి మీదా, ఎనిమిది మెట్ల ప్రసంగవేదిక మీదా గాయాల్లా పరుచుకుంది. సన్నగా, కఠోరంగా ఆకాశానికి ఎగబాకే స్తంభాలు... వాటిపైన బోర్లించిన పడవ అడుగులా నల్లని దూలాల కప్పు... గంటగోపురంలో పట్టపగలే కూస్తున్న గుడ్లగూబ!

జనం కూర్చునే హాలుకీ బలిపీఠానికీ నడుమ కోసుగా లేవాల్సిన పెద్ద తోరణం మాత్రం రెండుసార్లు కూలింది. మేస్త్రీ మూడోసారి కడుతున్నాడు. అన్నం క్యారేజీతో వచ్చిన చెల్లెలు నడుం మీద చెయ్యి పెట్టుకుని పైకి చూసింది.

"అన్నయ్యా, రెండుసార్లు కూల్చినవాడికి కూడా వేళకి ఆకలేస్తుందా?"

"నోరు మూసుకుని ఈ దారం కొస పట్టుకో. కూలీ రాలేదు."

"దారాలు పట్టుకోడానికేనా నన్ను డిగ్రీ దాకా చదివించావు?"

"పట్టుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది."

అమ్మా నాన్నా పోయాక ఆమెను సాకింది అతనే. ఇంట్లో మిగిలింది ఆ ఇద్దరే.

ఆ పనిలో ఒక కట్టుబాటుంది. కొలత దారం బతికున్న మనిషి నీడ మీద పడకూడదు. మనిషిని దారంతో కొలిచేది శవపేటిక చేసే వడ్రంగి ఒక్కడే. మేస్త్రీకి తెలుసు. తొందరలో మరిచాడు... దారం జారి ఆమె పాదాల దగ్గర మొదలై నీడ వెంబడే తల దాకా పడింది! వెనకనుంచి ఒక చెయ్యి దూసుకొచ్చింది. కత్తెర కిర్రుమని దారాన్ని సరిగ్గా నీడంత పొడవున తెంపింది!

"ఎన్నాళ్లకి దొరికింది సరైన కొలత!" అన్నాడు కొలతలాయన.

రెండోసారి తోరణం కూలాక ప్లాను సరిచేస్తానంటూ వచ్చినవాడతను. ఏ ఊరివాడో ఎవరూ అడగలేదు. గోపురం కింద పాదిరి అంగీలు దాచే గదిలో మకాం. ఆ గదిలో నల్లగుడ్డ కింద ఒక కపాలం ఉంది! ఆ దారాన్ని కపాలానికి చుట్టి, ఎదురుగా దీపపు మంట నీలంగా మారేదాకా అతను జపించిన భీకర మంత్రాలు విని గబ్బిలాలు గోడలకు కొట్టుకున్నాయి... మర్నాడు తోరణం కొనలో బిగించే రాయి కింద, పచ్చి సున్నంలో, ఆ దారాన్ని తనే పెట్టాడు. పాదాల వైపు కొస మాత్రం వేలెడంత బయట మిగిలింది.

ఆనాటి నుంచి చెల్లెలి ఒళ్లు రాయిలా చల్లబడింది. అక్కడ తోరణం భుజాల మీద రాయి పెడితే, ఇక్కడ మంచంలో ఆమె వెన్ను విల్లులా వంగేది!

"బరువు... దించన్నయ్యా... దించు!"

మరుక్షణం అదే గొంతులోంచి బండలు ఒరుసుకున్నట్టు ఒక కర్కశ స్వరం, "ఇంకా పెట్టు! ఇంకా!" అని గర్జించేది. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, ఏమీ లేదన్నారు. ఏడోరోజు ఆమెను పట్టుకుని గుమ్మం దాకా నడిపిస్తుంటే మేస్త్రీ నేలకేసి చూశాడు. నేలమీద ఒక్క నీడే ఉంది... అది తనది!

పరుగున వెళ్లి కొలతలాయన చొక్కా పట్టుకున్నాడు.

"నలభై రోజులు ఓపిక పట్టు మేస్త్రీ," అన్నాడతను తాపీగా. "ఆమె పోతుంది, తోరణం నిలుస్తుంది. నిలబడాలని అడిగింది నువ్వేగా?"

"నేనడిగింది సున్నం గురించిరా!"

"సున్నం పట్టేది రాళ్లనే. రాళ్లని నిలబెట్టేది ప్రాణం."

మబ్బు పట్టిన రోజు ఆమె కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకోవడం మేస్త్రీ గమనించాడు. లోకంలో నీడలే లేకుంటే మంత్రం సడలుతుంది! కొనరాయి కింద వేలెడంత బయటికున్న దారపు కొస అతని కంట పడింది. అదను కోసం కాచుకున్నాడు. పదకొండోరోజు మధ్యాహ్నం ఆకాశం కాటుక పూసుకుంది. ఉరుములకు కిటికీ గాజులు గడగడ వణికాయి. తోరణం కింద దాన్ని మోసే చెక్క సెంట్రింగ్ ఇంకా ఉంది, కూలదు. మేస్త్రీ పరంజా ఎక్కి, పలుగుతో కొనరాయిని మెల్లగా ఎత్తి పట్టాడు. దారం కదిలింది... పాదాలు, మోకాళ్లు, నడుము, భుజాలు... అంగుళం అంగుళంగా బయటికొస్తోంది!

"ఆగరా!"

అవతలివైపు పరంజా మీద కొలతలాయన! చంకలో కపాలం, కళ్లలో నిప్పు! మంత్రం అరుస్తూ రాయి కిందికి చెయ్యి దూర్చి దారాన్ని తనవైపు లాగి పట్టాడు.

ఇంకొక్క జానెడు. పలుగు పట్టుకునే ఉంటే, పంటి బిగువున ఓర్చుకుంటే, ఆ జానెడూ వచ్చేదేమో. కానీ పదకొండు రోజుల కడుపుమంట ఒక్కసారిగా చేతుల్లోకి వచ్చింది. మేస్త్రీ పలుగు వదిలేశాడు!

రాయి దిగింది. దారం తెగింది. కొలతలాయన చెయ్యి మణికట్టు దాకా లోపలే ఉండిపోయింది...!

అతను మంత్రం మీద మంత్రం చదివాడు. రాయికి మంత్రం తెలియదు, బరువే తెలుసు. దానికి ఒక నిండు మనిషి కొలత కావాలి. దాని దగ్గర ఉన్నది జానెడే. తక్కువైనదంతా దొరికినవాడి నుంచి తీసుకుంది! మెరుపు మెరిసింది. గోడ మీద పడిన అతని నీడ తడిబట్టలా ముడుచుకుంటూ రాయి సందులోకి పోయింది. దాని వెనకే అరుపు, అరుపు వెనకే ఊపిరి! కపాలం నేలమీద పడి ముక్కలైంది. పరంజాకి వేలాడుతూ మిగిలింది ఎండిపోయిన తోలూ, బట్టలే.

భుజాల దాకా ఉన్న దారం ముక్కని గుప్పిట్లో పట్టుకుని మేస్త్రీ వర్షంలో ఇంటికి పరిగెత్తాడు.

చెల్లెలు లేచి కూర్చుంది! ఒళ్లు వెచ్చగా ఉంది. దీపం వెలుతురులో గోడ మీద ఆమె నీడ... పాదాలున్నాయి, చేతులున్నాయి, భుజాలున్నాయి. వాటిపైన గోడ ఖాళీగా ఉంది.

"ఎవరండీ మీరు? తడిసిపోయారు, లోపలికి రండి," అందామె మర్యాదగా.

అతను దారం ముక్కని జేబులో పెట్టుకుని, పరాయివాడిలా గుమ్మం దాటాడు.

సెంట్రింగ్ తీశారు. తోరణం వెంట్రుకంత కూడా కదల్లేదు. మొదటి ఆదివారం ప్రార్థన అయ్యాక పాదిరి గారు అందరి ముందూ మేస్త్రీ చెయ్యి పట్టుకుని దీవించారు. ముందు బెంచీలో కూర్చున్న చెల్లెలు కొనరాయి వైపే చూస్తూ ఉండిపోయింది.

"దీన్ని కట్టింది మీరేనటగా?"

"నేనేనండీ."

"అక్కడ పైన నాది ఏదో మరిచిపోయినట్టు అనిపిస్తుందండీ. తీసి ఇస్తారా?"

"తీస్తే పడిపోతుందండీ," అన్నాడు మేస్త్రీ.

"అయ్యో, వద్దులెండి," అని నవ్విందామె. "ఇంత బాగా కట్టారు."